బ్రేకు కింద పెట్రోలు

‘లీటరుకెంతిస్తోంది?’

కొత్త కారు గుమ్మం ముందు ఆగి, కొబ్బరికాయ కొట్టడం పూర్తయ్యీ కాకముందే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ఇది. 2021లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటాక ఆ ప్రశ్నకు మరింత బరువొచ్చింది. జవాబు కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకంలో కొంతే ఉంటుంది. మిగతాది మన కుడికాలి కింద ఉంటుంది. ఒకే మోడల్ కారు అన్నగారి చేతిలో పద్దెనిమిదిస్తే తమ్ముడి చేతిలో పద్నాలుగే ఇవ్వడంలో రహస్యం అదే.

మనం కాల్చే పెట్రోల్లో కొంత కారుకు వేగాన్నిస్తుంది. బ్రేకు నొక్కగానే ఆ వేగం కాస్తా బ్రేకుల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అంటే, డబ్బిచ్చి కొన్న పెట్రోలును రోడ్డు మీద ఒలకబోసినట్టే. పైగా వేగం రెట్టింపయితే అందులోని శక్తి నాలుగు రెట్లవుతుంది. అరవైలో వెళ్లే కారును ఆపితే పోయేది, ముప్ఫైలో ఆపితే పోయేదానికి నాలుగింతలన్నమాట. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు ఇందులో కొంత బ్యాటరీలోకి తిరిగి రాబట్టుకుంటాయి. మామూలు పెట్రోలు, డీజిలు కార్లకు ఆ సదుపాయం లేదు. దూకుడుగా తొక్కి, గట్టిగా బ్రేకు వేసే అలవాటుంటే ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో మైలేజీ 10 నుంచి 40 శాతం దాకా పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క.

అలాగని పెట్రోలు మిగులుతుందని బ్రేకు వెయ్యడం మానేస్తామా? అవసరమైనచోట వేసి తీరాలి. ఆ అవసరం తరచూ రాకుండా చూసుకోవడమే కిటుకు. ముందు కారుకు కాస్త ఎడం ఇవ్వండి. దూరాన ఎర్రలైటు కనిపిస్తోందా? అక్కడిదాకా తొక్కుకుంటూ వెళ్లి ఆపేకంటే, ఇక్కడే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. కారు తన ఊపులోనే వెళుతుంది. మీరు చేరేసరికి పచ్చలైటు పడినా పడొచ్చు.

ఇక్కడే ఒక పాత అలవాటు గురించి చెప్పుకోవాలి. పల్లం కనిపించగానే చాలామంది గేరు న్యూట్రల్‌లోకి తెస్తారు. కొందరు ఇంజనే ఆపేస్తారు. కార్బ్యురేటర్ కార్ల కాలంలో పుట్టిన పొదుపు సూత్రమిది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండగా కాలు తీసేస్తే, కారు వేగం మీద ఉన్నంతసేపూ ఇంజన్‌కు ఇంధనం ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజన్ నడవడానికి పెట్రోలు కావాలి! అంతకంటే ముఖ్యం, ప్రాణం. తిరుమల నుంచి దిగేటప్పుడో, శ్రీశైలం ఘాట్‌లోనో న్యూట్రల్‌లో వెళితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే పట్టు తప్పుతాయి. ఇంజనే ఆపేస్తే బ్రేకు, స్టీరింగ్ రెండూ మొరాయిస్తాయి. పది రూపాయల పెట్రోలు కోసం పిల్లాపాపలతో ఉన్న బండిని అలా వదలొద్దు. ఏ గేరులో ఎక్కుతారో దాదాపు ఆ గేరులోనే దిగండి.

హైవే మీద శత్రువు గాలి. ఎనభై నుంచి వందకు వెళితే గాలి అడ్డగింపు ఒకటిన్నర రెట్లవుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. కాగితం మీద చూస్తే వంద వేగంతో మిగిలేది 40 నిమిషాలు. నిజంగా మిగిలేది అంతకంటే తక్కువే. మిమ్మల్ని దాటుకుని దూసుకుపోయిన కారు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర మీకు రెండు బళ్ల ముందు నిలబడి ఉంటుంది, చూడండి. మీద లగేజీ క్యారియర్ ఉంటే గాలి మరింత అడ్డుతుంది. పనయ్యాక దాన్ని తీసేయండి.

టైర్లలో గాలి తగ్గినా పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. సిగ్నల్ దగ్గర అరనిమిషానికి మించి ఆగాల్సొస్తే ఇంజన్ ఆపేయడమే లాభం.

ఇవన్నీ పనిచేస్తాయో లేదో మీరే తేల్చుకోవచ్చు. ట్యాంకు నిండా కొట్టించి కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. రెండు మూడు వారాలు మామూలుగా నడిపి, మళ్లీ నిండా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ తేలుతుంది. తర్వాతి ట్యాంకు ఈ పద్ధతిలో నడపండి. లెక్క రాసే పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి. నాన్న కాలు ఎంత పొదుపో వాళ్లే మార్కులేస్తారు!