పనీపాటా: ఒకే చిరునామాకు రెండు స్విచ్చిలు

ఈ శీర్షిక కింద మనవాళ్ళు చేసే ఉద్యోగాల గురించి నెలకొకటి చొప్పున రాస్తూ వస్తున్నాము. మందులూ, వంతెనలూ, బ్యాంకు లెక్కలూ అయిపోయాయి. ప్లాంట్లలో నెట్‌వర్కు పని చూసేవారి సంగతి రాయరేమని నలుగురైదుగురు సభ్యులు అడిగారు. అర్ధరాత్రి ఫోను మోగగానే మనిషి కారెక్కి ఎందుకు వెళ్ళిపోవలసి వస్తుందో వారి ఇళ్ళలోవారికే సరిగ్గా తెలియదట. అందుకని ఈసారి వర్చువల్ రౌటరు అనే ఒక్క విషయం తీసుకుంటున్నాము.

ఒక ఊరి నీళ్ళ ప్లాంటు అనుకుందాం. పంపుల దగ్గర ఒక నెట్‌వర్కు, క్లోరిన్ కలిపే చోట ఒకటి, కంట్రోలు రూములో తెరలకు ఇంకొకటి. వీటిని వీ-ల్యాన్లు అంటారు. ఒకదానిలోంచి మరొకదానిలోకి కబురు పోవాలంటే రౌటింగు తెలిసిన స్విచ్చి కావాలి. ఇది ఆఫీసుల్లో ఉండే రకం కాదు. ఫ్యాను ఉండదు, ప్యానెల్లో డిన్ రెయిలు మీద బిగిస్తారు, 24 వోల్టుల కరెంటును రెండు దారుల్లో తీసుకుంటుంది, ఎండకూ చలికీ ఓర్చుకుంటుంది. ఎంత గట్టిదైనా ఏదో ఒకనాడు పోతుంది.

చిక్కేమిటంటే, పంపును నడిపే కంట్రోలరుకు బయటికి పోయే దారి ఒక్కటే తెలుసు. డిఫాల్టు గేట్‌వే అని దానిలో ఒకే ఒక చిరునామా రాసి ఉంటుంది. ఆ చిరునామా గల స్విచ్చి పోతే పంపు తిరుగుతూనే ఉంటుంది గాని కంట్రోలు రూములో కూర్చున్నవారికి కనబడదు. ట్యాంకు నిండుతోందో పొర్లుతోందో, క్లోరిన్ ఎంత పడుతోందో తెలియదు. ఆ నీళ్ళే మన ఇళ్ళకు వచ్చేవి.

దీనికోసం 1998లో వి.ఆర్.ఆర్.పి. అనే పద్ధతిని ప్రకటించారు. గుడిలో ఇద్దరు అర్చకులున్నారనుకోండి. భక్తుడు "పూజారి గారూ" అనే పిలుస్తాడు, ఎవరుంటే వారు పలుకుతారు. అలాగే మొదటి స్విచ్చికి 192.168.10.2, రెండోదానికి 192.168.10.3 ఇచ్చి, రెంటికీ ఉమ్మడిగా 192.168.10.1 పెడతారు. యంత్రాలకు చెప్పేది ఈ ఉమ్మడి చిరునామా ఒక్కటే. ప్రయారిటీ అంకె పెద్దదిగా ఉన్న స్విచ్చి మాస్టరు. (2024 నాటి పత్రంలో దీన్ని 'యాక్టివ్' అని మార్చారు గాని, పాత స్విచ్చిల మెనూలలో ఇంకా మాస్టరే.) అది సెకనుకొకసారి "నేనున్నాను" అని చాటుతూ ఉంటుంది. వరసగా మూడుసార్లు ఆ మాట వినబడకపోతే రెండోది పని అందుకుంటుంది. రెండోదాని ప్రయారిటీ 100 అయితే ఇందుకు సుమారు 3.6 సెకన్లు పడుతుంది. తెర చూసేవారికి అది పెద్ద ఆలస్యం కాదు. కాని మోటారుకు క్షణక్షణం ఆజ్ఞ ఇచ్చే కంట్రోలరుకు అది యుగం. కాబట్టి కంట్రోలరునూ దాని మోటారు డ్రైవులనూ ఒకే వీ-ల్యాన్‌లో ఉంచాలి. వాటి మధ్య మాట రౌటరు గుమ్మం దాటకూడదు.

ఇంతవరకు చాలామంది చేస్తారు. తరువాతిదే అసలు పని. మొదటి స్విచ్చి బతికే ఉండి, దాని నుంచి కంట్రోలు రూము వైపు పోయే కేబులు మాత్రం తెగిందనుకోండి. అది పంపుల వైపు "నేనున్నాను" అని చాటుతూనే ఉంటుంది. అర్చకుడు గుళ్ళోనే ఉన్నాడు, గర్భగుడి తాళంచెవి మాత్రం ఆయన దగ్గర లేదు! అందుకని ఆ కేబులును కనిపెట్టి ఉండి, తెగితే ప్రయారిటీ తగ్గించుకోమని ట్రాకింగ్ పెట్టాలి. మొదటిదాని ప్రయారిటీ 120, రెండోదానిది 100 అయితే, తగ్గింపు 10 పెట్టి ప్రయోజనం లేదు. 110 ఇంకా 100 కంటె పెద్దదే. 30 పెడితే 90కి దిగుతుంది, రెండోది ముందుకొస్తుంది. అందుకు రెండోదానిలో ప్రీఎంప్టు ఆన్ చేసి ఉండాలి సుమా. మొదటిదానిలో ప్రీఎంప్టుకు కొంత ఆలస్యం కూడా పెట్టాలి. లేకపోతే కరెంటు రాగానే, దారులేవో ఇంకా నేర్చుకోకముందే, పెత్తనం లాక్కుంటుంది.

ఇక చిరునామాలు పంచిపెట్టే డి.హెచ్.సి.పి. సేవ. యంత్రాలకు గేట్‌వేగా ఉమ్మడి 192.168.10.1నే చెప్పాలి. అక్కడ 192.168.10.2 అని ఉంటే ఈ ఏర్పాటంతా దండగ, అన్నీ బాగున్నన్నాళ్ళూ ఆ సంగతి బయటపడదు. పోర్టును బట్టి చిరునామా ఇచ్చే సౌకర్యం ఉన్న స్విచ్చి అయితే తప్పక వాడుకోమంటాము. రాత్రి రెండు గంటలకు మోటారు డ్రైవు కాలిపోతే, మెకానిక్కు కొత్తది తగిలించగానే పాత చిరునామాయే వస్తుంది. మన ఇంజనీరు గారు నిద్ర లేవనక్కరలేదు. రెండు స్విచ్చిల గడియారాలూ ఎన్.టి.పి. ద్వారా ఒకే సమయం చూపాలి. లేకపోతే ఏది ముందు పోయిందో మర్నాడు లాగులు చూసి చెప్పడం కష్టం.

రెండు స్విచ్చిలనూ ఒకే ప్యానెల్లో, ఒకే బ్రేకరు కింద పెట్టడం చూస్తుంటామని ఈ పనిలో ఉన్న సభ్యులు అంటారు. ఆ బ్రేకరు పడితే అర్చకులిద్దరూ ఒకేసారి ఊరెళ్ళినట్టే.

"నడుస్తున్నదాన్ని ముట్టుకోకండి" అనే పై అధికారులు ప్రతిచోటా ఉంటారు. వారి మాటతో మేము ఏకీభవించము. ప్లాంటు మరమ్మతుకు ఆపిన రోజున, ఒక లాప్‌టాపులో పింగ్ నడుపుతూ, ముందు కేబులు పీకి చూడాలి, తరువాత స్విచ్చి కరెంటు తీసి చూడాలి. ఎన్ని పింగులు పోయాయో కాగితం మీద రాసిపెట్టాలి. మార్పులను స్టార్టప్ కాన్ఫిగరేషన్లో సేవ్ చేశాకే కరెంటు తీయాలి. సేవ్ చేయనివి కరెంటుతో పాటే పోతాయి.

ఈ విషయమై ఇంకా సందేహాలుంటే, ఎప్పటిలాగే నెలవారీ సమావేశం రోజున కాఫీ బల్ల దగ్గర అడగవచ్చు. వచ్చే నెల దంతవైద్యం.