అపరిచితుడు అడిగిన లెక్క



పోయిన నెల మండల కమిటీ సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "మన కుర్రాళ్లు ధర్నాకి రమ్మంటే రారు గానీ ఫేస్‌బుక్‌లో మాత్రం తెల్లవార్లూ యుద్ధాలు చేస్తారు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కొంచెం సిగ్గేసింది. ఆ యుద్ధాలు చేసేవాళ్లలో కుర్రాళ్లే కాదు, యాభై ఆరేళ్ల నేనూ ఉన్నాను.

నాకీ అలవాటు 2020లో పట్టింది. కరోనా రోజులు. మనవరాలి ఆన్‌లైన్ క్లాసుల కోసం మా అబ్బాయి ఫోను కొన్నాడు. ఆ జూన్ 5న కేంద్రం మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చింది, సెప్టెంబరులో అవి చట్టాలయ్యాయి, నవంబరు ఆఖరుకి పంజాబ్, హర్యానా రైతులు ట్రాక్టర్లతో ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. మనం ఇక్కణ్ణుంచి సింఘుకి పోలేం. మీటింగులకి అనుమతుల్లేవు. ఫోను తెరిస్తేనేమో ఎవరెవరో మన గురించి మాట్లాడుతున్నారు. దళారులన్నారు, ఖలిస్తానీలన్నారు, పిజ్జాలు తింటున్నారు కాబట్టి రైతులే కాదన్నారు. గోధుమ పండించేవాడు గోధుమ రొట్టె తింటే తప్పేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. రాత్రి మనవరాలు పడుకున్నాక ఫోను నా చేతికొచ్చేది. ఒక్కో రోజు పన్నెండు దాటేది.

వాదన మనకు కొత్త కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు మా ఊరి టీ కొట్టు దగ్గర నెల రోజులు అదే గొడవ. పొలం బీడు పెట్టడం పాపమని కొందరు, గిట్టనప్పుడు పండించడమే పాపమని మేం. కానీ ఎదుటివాడెవరో తెలుసు. ఎన్ని ఎకరాలు చేస్తాడో, కూతురి పెళ్లికి ఎంత అప్పు చేశాడో తెలుసు. మాట ముదిరితే టీ కొట్టాయన "ఇక చాల్లే బాబాయ్, ఇంటికి పొండి" అనేవాడు. మర్నాడు అదే మనిషితో కలిసి కాలవ పూడిక తీసేవాళ్లం. ఫోనులో చాల్లే అనేవాడు లేడు. అవతలివాడి ఫొటో ఉండాల్సిన చోట సినిమా హీరో బొమ్మ ఉంటుంది. కొందరు జీతానికి తిట్టేవాళ్లని కూడా విన్నాను. వాళ్ల సంగతి వదిలేద్దాం, బూతు రాగానే నేను బయటికొచ్చేస్తాను.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో నెత్తురోడుతున్న పాదాల ఫొటో ఒకటి నాకు వాట్సాప్‌లో వచ్చింది. ఢిల్లీకి నడిచిన రైతుల పాదాలని రాసి పదిహేను గ్రూపులకి పంపాను. ఒకతను వచ్చి, అది 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబైకి నడిచిన రైతుల ఫొటో అని తేదీతో సహా చూపించాడు. అవీ రైతుల పాదాలే కదా అని కాసేపు దబాయించాను. కానీ ఆ రోజు ఆ ఒక్క ఫొటోతో నేను అంతకుముందు చెప్పిన నిజాలన్నీ కొట్టుకుపోయాయి. మూడు చట్టాలు 2021 నవంబరులో రద్దయ్యాయి. ఆ ఫొటో మాత్రం ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది.

మనల్ని అనేవాళ్లు తిప్పితిప్పి అనేది రెండు మూడు మాటలే. రైతులు పన్ను కట్టరు, అన్నీ ఉచితం, మద్దతు ధర కూడా ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి అని. పన్ను సంగతి తొందరగా తేల్చొచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించిన మాట నిజం. ఆ మినహాయింపు నీడలో పొలం మొహం చూడని పెద్దమనుషులు దాక్కుంటున్న మాటా నిజమే, దాన్ని మనం వెనకేసుకు రాకూడదు. కానీ పురుగుమందు మీద 18 శాతం, ఎరువు మీద 5 శాతం జీఎస్టీ మనమే కడుతున్నాం. డీజిల్ మీద పన్ను వేరే. షాపువాడు తను కట్టింది పద్దు రాసుకుని వెనక్కి తీసుకుంటాడు, మనకా వెసులుబాటు లేదు. ఇది చెబితే సగంమంది ఊరుకుంటారు.

అసలు కథ మద్దతు ధర దగ్గర జరిగింది. 2025 మే నెలాఖరున కేంద్రం సాధారణ రకం వరికి క్వింటాలుకి 2,369 రూపాయలు ప్రకటించింది. ఖర్చు 1,579, దాని మీద సగం కలిపామంది. నేను నా మామూలు ధోరణిలో స్వామినాథన్ కమిషన్, సీ2 అని రాశాను. ఒకతను, హీరో బొమ్మవాడే, మర్యాదగానే అడిగాడు: "అంకుల్, గవర్నమెంటు లెక్క తప్పంటున్నారు. మరి మీకు క్వింటాలుకి ఎంత అయింది?"

ముప్ఫై ఏళ్లుగా వ్యవసాయం చేస్తున్నాను, ఇరవై ఏళ్లుగా గిట్టుబాటు ధర అని అరుస్తున్నాను. నా క్వింటాలు ఖర్చు నాకు తెలియదు.

రెండు రోజులు కూర్చున్నాను. ఎరువుల కొట్టు బిల్లులు వెతికాను, మా ఆవిడ కూలీలకిచ్చింది గుర్తు చేసింది. ఎకరాకి దమ్ము 5,000, విత్తనం, నారుమడి 2,000, నాట్లు 6,000, ఎరువులు 5,500, మందులు 4,500, కలుపు 2,500, కోత మిషను 4,000, సంచులు, తోలకం 2,500. మొత్తం 32,000. మా ఇద్దరి కష్టానికి ఒక్క రూపాయి వేయలేదు. దిగుబడి 75 కిలోల బస్తాలు ముప్ఫై, అంటే ఇరవై రెండున్నర క్వింటాళ్లు. క్వింటాలుకి 1,422 రూపాయలు. రాశాను. సర్కారు లెక్కలో సొంత భూమి కౌలు విలువ, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ వేయరని, అవి వేస్తేనే సీ2 అవుతుందని కూడా రాశాను.

అతను వెంటనే అడిగాడు: "అయితే నిజంగా కౌలు కట్టేవాడికి ఎంతవుతుంది?"

ఈ లెక్క తేలిగ్గా వచ్చింది. మా దగ్గర ఎకరాకి పద్నాలుగు బస్తాల కౌలు. బస్తా 1,777 చొప్పున 24,878 రూపాయలు. ఖర్చుతో కలిపితే 56,878. క్వింటాలుకి 2,528. మద్దతు ధరకే అమ్మినా కౌలురైతుకి క్వింటాలుకి 159 రూపాయలు నష్టం. తేమ 17 శాతం దాటిందని ధర తెగ్గోస్తే అదింకా పైన. దాళ్వాలో మినుమో మొక్కజొన్నో చేతికొస్తేనే ఆ ఇల్లు నడుస్తుంది. చూశారా సర్కారు అన్యాయం అని గట్టిగా రాశాను.

అప్పుడు అతను రాసింది నాకు మాట మాట గుర్తుంది. "ఆ పద్నాలుగు బస్తాలు తీసుకునేది సర్కారు కాదు కదా అంకుల్. మీరు కౌలుకిచ్చారా? ఇస్తే వాళ్ల కార్డు మీద సంతకం పెట్టారా?"

మూడు రోజులు జవాబివ్వలేదు.

నాకు నాలుగున్నర ఎకరాలుంది. అందులో కాలవ అవతల ఎకరంన్నర ఏడేళ్లుగా ఒకాయనకి కౌలుకిచ్చాను. అతను మన సంఘం సభ్యుడే, ప్రతి ధర్నాకీ నాకంటే ముందొస్తాడు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద నేను సంతకం పెడితే అతనికి కార్డు వస్తుంది. అతను రెండుసార్లు అడిగాడు. చూద్దాంలే అన్నాను. భూమి పోతుందనే భయం పైకి చెప్పే మాట. అసలు కారణం మనందరికీ తెలుసు, మన పేపర్లో మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఆ ఎకరంన్నర మీద కూడా పంటరుణం నేనే తీసుకుంటున్నాను, సకాలంలో కడితే నాలుగు శాతానికి. దాని మీద పంట పెట్టేవాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతానికి, ధాన్యం వ్యాపారి దగ్గర తెచ్చుకుంటున్నాడు. ఆ వ్యాపారికే ధాన్యం పోయాలి, అతను చెప్పిన ధరకే. పీఎం కిసాన్ ఆరువేలు కూడా పట్టాదారు ఇంటికే వస్తుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధూ అంతే, పాస్‌బుక్ ఉన్నవాడికే వెళ్లింది. కౌలురైతుని వదిలేశారని ఆ రెంటినీ తిడుతూ నేనే ఈ పేజీలో రాశాను.

సంతకం పెడతానంటే మా ఇంట్లో గొడవైంది. "ఫోనులో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు అన్నాడని పొలం రాసిస్తారా?" అంది మా ఆవిడ. ఆ కార్డు పంట మీదే గానీ భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టంలో రాసిందే చదివి వినిపించాను. ఆమె ఒప్పుకుంది. పక్క పొలాలవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. నువ్వు పెడితే రేపు మా కౌలుదార్లూ అడుగుతారు అని ఇద్దరు నాతో మాట్లాడటమే మానేశారు. వాళ్లూ మన సభ్యులే. ఆ ఎకరంన్నర మీద రుణం కట్టేశాను, జూలైలో కార్డు వచ్చింది. ఈ-క్రాప్‌లో పంట అతని పేరున ఎక్కింది, డిసెంబరులో ధాన్యం అతని పేరునే తూకం వేశారు, డబ్బు అతని ఖాతాలో పడింది. బ్యాంకు రుణం మాత్రం ఇంకా రాలేదు, మళ్లీ రా అంటున్నారు. దాని కోసం మనం బ్యాంకు ముందు కూర్చోవాల్సి ఉంది. కౌలు పద్నాలుగు నుంచి పన్నెండుకి తగ్గించాను. ఇంకా తగ్గించొచ్చు కదా అంటే, అవును, తగ్గించొచ్చు. మనవరాలి ఫీజు అడ్డొచ్చింది.

ఆ కుర్రాడికి ఇదంతా రాశాను. బొటనవేలి గుర్తు ఒకటి పెట్టి క్రికెట్ గొడవలోకి వెళ్లిపోయాడు. అతనెవరో, ఏ ఊరో, మన మంచి కోరి అడిగాడో ఇరికించడానికి అడిగాడో నాకిప్పటికీ తెలియదు. కానీ మా వాదన చదివి, మాట కలపకుండా ఊరుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని రోజుల తర్వాత పక్క మండలం నుంచి ఒక కౌలురైతు ఫోను చేశాడు. "అన్నా, ఆ కార్డుకి ఏమేం కాయితాలు కావాలి?" అని.

అందుకే కుర్రాళ్లని ఫోను పక్కన పెట్టమని నేను చెప్పను. పొద్దున్నే పని ఉందని మాత్రం గుర్తుంచుకోమంటాను. కానీ లెక్క లేకుండా వాదనకి దిగొద్దు, తేదీ తెలియని ఫొటో పంపొద్దు.

మార్చి రెండో ఆదివారం మన వార్షిక సమావేశం. ఒక్కొక్కరూ ఈ ఏటి ఖర్చు ఒక నోటుపుస్తకంలో రాసుకుని తీసుకురండి. కలిపి మన మండలం లెక్క మనమే వేద్దాం. యజమాని సంతకంతో పని లేకుండా కార్డులివ్వాలన్న తీర్మానాన్ని కూడా ఆ రోజు సభ ముందు పెడుతున్నాను. దాన్ని వ్యతిరేకించేవాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లూ రండి, ఎదురుగా మాట్లాడుకుందాం. టీ సంఘం తరఫున.