విగ్రహం నగరంలో, పని వాడలో: బెట్టీ కాంప్‌బెల్ స్థానిక రాజకీయం మనకేం చెబుతుంది?

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో రైలు దిగి స్టేషన్ బయటకు రాగానే సెంట్రల్ స్క్వేర్‌లో నాలుగు మీటర్ల ఎత్తున ఒక నల్లజాతి మహిళ కంచు విగ్రహం కనిపిస్తుంది. ఆమె పేరు బెట్టీ కాంప్‌బెల్. 2021 సెప్టెంబర్ 29న ఆవిష్కరించారు. కల్పిత పాత్ర కాకుండా, పేరున్న ఒక నిజమైన మహిళకు వేల్స్‌లో బహిరంగ స్థలంలో పెట్టిన మొదటి విగ్రహం అదే. ఆమె మంత్రి కాదు, ఎంపీ కాదు. ఒక ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్. 1999 నుంచి 2004 వరకు ఒకే ఒక్క వార్డుకు స్వతంత్ర కౌన్సిలర్.

ఒక వార్డు కౌన్సిలర్ అయిన టీచర్‌ను దేశం ఎందుకు గుర్తు పెట్టుకుంది? విగ్రహం పెట్టాక ఆమె పని పూర్తయినట్టేనా? స్థానిక సంస్థల్లో అట్టడుగు వర్గాల ప్రాతినిధ్యం మీద పని చేస్తున్న మనలాంటి వాళ్లకు ఈ రెండు ప్రశ్నలూ ముఖ్యమైనవే.

రైలు కట్టకు అవతల

ఆమె పుట్టిన చోటు తెలియకుండా ఆమె రాజకీయం అర్థం కాదు. 1934లో కార్డిఫ్ ఓడరేవు పక్కనున్న బ్యూట్‌టౌన్‌లో పుట్టింది. లోకం ఆ ప్రాంతాన్ని టైగర్ బే అని పిలిచింది. వేల్స్ బొగ్గు ప్రపంచమంతా ఎగుమతి అవుతున్న రోజుల్లో సోమాలియా, యెమెన్, పశ్చిమ ఆఫ్రికా, కరీబియన్ దీవుల నుంచి ఓడల మీద పని చేయడానికి వచ్చినవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. స్థానిక ఐరిష్, వెల్ష్ స్త్రీలను పెళ్లి చేసుకున్నారు. ఒకవైపు రైలు కట్ట, మరోవైపు కాలువ, దిగువన రేవు. నగరానికీ ఈ వాడకూ మధ్య గీత గీసినట్టే ఉండేది. ఊరు, వాడ అనే తేడా తెలిసిన మనకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు.

ఆ గీత దాటినప్పుడల్లా ఏం జరిగిందో చరిత్రలో ఉంది. 1919 జూన్‌లో కార్డిఫ్‌లో నల్లజాతి కుటుంబాల మీద మూకలు దాడి చేశాయి. ఆ అల్లర్లలో ముగ్గురు చనిపోయారు. 1925లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం తమ బ్రిటిష్ పౌరసత్వాన్ని కాగితాలతో రుజువు చేసుకోలేని నల్ల నావికులు విదేశీయులుగా నమోదు చేసుకోవాలి. నిజానికి వాళ్లలో చాలామంది బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలే. 1952లో మహమూద్ మత్తాన్ అనే సోమాలీ నావికుడిని చేయని హత్యకు ఉరి తీశారు. ఆ శిక్షను కోర్టు 1998లో కొట్టేసింది. పోలీసులు క్షమాపణ చెప్పింది 2022లో. 1990లో మరో హత్య కేసులో ఇదే ప్రాంతానికి చెందిన ముగ్గురికి యావజ్జీవం వేశారు, రెండేళ్లకే ఆ తీర్పు కూడా రద్దయింది.

బ్యూట్‌టౌన్ మనుషులకు తెలిసిన ప్రభుత్వం ఇది. వాళ్లకు అది పోలీసు రూపంలోనో, కాగితాలు అడిగే అధికారి రూపంలోనో ఎదురయ్యేది. బడిలో కూడా.

"నీకు కుదరదు" అన్న బడి

బెట్టీ తండ్రి జమైకా నుంచి పదిహేనేళ్ల వయసులో వచ్చిన నావికుడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో ఆయన పనిచేస్తున్న ఓడ టార్పెడో దాడికి గురై చనిపోయాడు. తల్లి ఎంతో కష్టపడి కుటుంబాన్ని నెట్టుకొచ్చింది. చదువులో చురుకైన బెట్టీ స్కాలర్‌షిప్ సంపాదించి నగరంలోని బాలికల హైస్కూల్లో చేరింది. టీచర్ కావాలని ఉందని చెబితే, ఒక నల్లజాతి కార్మిక కుటుంబపు అమ్మాయికి ఆ దారిలో అడ్డంకులు దాటలేనివని అక్కడి టీచరే చెప్పింది. తన బెంచీకి తిరిగి వచ్చి ఏడ్చానని, ఆ మాటతోనే పట్టుదల పెరిగిందని బెట్టీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు.

ఈ కథ మనలో ఎంతమందికి తెలిసినదో! దరఖాస్తు ఫారం ఇవ్వని గుమాస్తా, సైన్స్ గ్రూపు వద్దులే అనే మాస్టారు, గైడ్ దొరకని పీహెచ్‌డీ సీటు. తిట్టకుండా, కొట్టకుండా, జాలి చూపిస్తున్నట్టే తలుపు మూసేసే పద్ధతి ఇది.

పదిహేడేళ్లకే గర్భవతి కావడంతో బెట్టీ చదువు ఆగిపోయింది. 1953లో పెళ్లి. 1960లో కార్డిఫ్ టీచర్ ట్రైనింగ్ కాలేజీ మొదటిసారి మహిళలను చేర్చుకుంటోందని తెలిసి, పిల్లల తల్లిగా ఉండి దరఖాస్తు పెట్టారు. ఆ ఏడాది తీసుకున్న ఆరుగురు మహిళల్లో ఆమె ఒకరు. కొంతకాలం వేరే చోట పని చేశాక తన వాడకే, మౌంట్ స్టూవర్ట్ ప్రాథమిక పాఠశాలకే వచ్చారు. అక్కడ 28 ఏళ్లు పని చేశారు. 1970లలో ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్ అయ్యారు. వేల్స్‌లో ఆ స్థానానికి వచ్చిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. నల్ల టీచర్‌ను అంతకుముందు చూడని కొందరు తల్లిదండ్రులు మొదట్లో ఆమెను అనుమానంగానే చూశారు.

బడినే రాజకీయ వేదిక చేసిన పని

"మొదటి నల్లజాతి హెడ్‌మిస్ట్రెస్" అన్న గుర్తింపుతో ఆమె ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం అవసరం లేదు. ఆ కుర్చీలో కూర్చుని ఏం చేశారన్నదే అసలు విషయం. అమెరికా వెళ్లినప్పుడు ఆమె అక్కడి పౌరహక్కుల ఉద్యమం గురించి, బానిసలను తప్పించిన హారియట్ టబ్‌మన్ గురించి తెలుసుకున్నారు. తిరిగి వచ్చి వాటిని తరగతి గదిలోకి తెచ్చారు. బానిసత్వం, కరీబియన్ దీవుల చరిత్ర, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ఆ బడిలో పాఠాలయ్యాయి. బ్యూట్‌టౌన్ పిల్లలు తమ తాతల చరిత్రను బడిలోనే, ప్రభుత్వ ఖర్చుతోనే నేర్చుకున్నారు. ఆ బడి పేరు బ్రిటన్ అంతా తెలిసింది. 1998లో నెల్సన్ మండేలా వేల్స్ వచ్చినప్పుడు కలిసినవాళ్లలో ఆమె ఒకరు. కమిషన్ ఫర్ రేషియల్ ఈక్వాలిటీలో సభ్యురాలిగా కూడా పని చేశారు.

బడి అంటే స్థానిక కౌన్సిల్ నడిపే ప్రజాసేవ. వేల్స్‌లో 22 కౌన్సిళ్లు ఉన్నాయి. బడులు, వృద్ధుల సంరక్షణ, ఇళ్లు, రోడ్లు, లైబ్రరీలు, చెత్త సేకరణ చాలావరకు వాటి చేతిలోనే ఉంటాయి. అంటే బెట్టీ కాంప్‌బెల్ 28 ఏళ్లు కౌన్సిల్ ఉద్యోగిగా ఒక సేవను లోపలి నుంచి మార్చి, ఆ తర్వాత ఓట్లు అడిగి అదే కౌన్సిల్‌లోకి వెళ్లారు. ఆమె ప్రతి గుమ్మాన్ని, ప్రతి పిల్లాడి ఇంటి సంగతిని ఎరిగిన మనిషి. పార్టీ జెండా లేకుండా స్వతంత్రంగా గెలవగలగడానికి ఆ 28 ఏళ్ల పనే పునాది.

స్వతంత్ర కౌన్సిలర్‌కు ఉండే పరిమితి కూడా చిన్నది కాదు. అప్పుడు కార్డిఫ్ కౌన్సిల్‌లో లేబర్ పార్టీది మెజారిటీ. బడ్జెట్‌ను, ముఖ్య నిర్ణయాలను పాలక పక్షమే నడుపుతుంది. ఒంటరి సభ్యురాలు ప్రశ్న అడగగలదు, వార్డు తరఫున పట్టుబట్టగలదు, రికార్డులో మాట ఉంచగలదు. నిధుల దారి మళ్లించడం ఆమె ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఒకే వార్డు, రెండు లోకాలు

ఆమె గెలిచిన 1999 మే 6నే వేల్స్ తన మొదటి జాతీయ అసెంబ్లీని కూడా ఎన్నుకుంది. ఆ చట్టసభ భవనం ఈరోజు ఉన్నది బ్యూట్‌టౌన్ రేవు ఒడ్డునే. 1987 నుంచి 2000 వరకు కార్డిఫ్ బే అభివృద్ధి సంస్థ రేవు ప్రాంతాన్ని పూర్తిగా మార్చింది. బ్యారేజీ, కొత్త అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, కళాకేంద్రం వచ్చాయి. పాత టైగర్ బే ఇళ్లను అంతకుముందే 1960లలో కూల్చి టవర్ బ్లాకులు కట్టారు. అందువల్ల ఒకే వార్డులో నీటి ఒడ్డున ఖరీదైన ఫ్లాట్లు, నాలుగు అడుగుల అవతల పేద కుటుంబాల కౌన్సిల్ ఇళ్లు పక్కపక్కన ఉన్నాయి. మొత్తం వార్డు సగటు లెక్క తీస్తే పేదరికం సగం మాయమైపోతుంది. అభివృద్ధి వాడ పక్కకు వస్తే వాడ బాగుపడుతుందన్న నమ్మకం ఎంత బలహీనమో బ్యూట్‌టౌన్ చూపిస్తుంది.

పైస్థాయి ప్రాతినిధ్యం సంగతీ అంతే. ఇదే ప్రాంతం ఉన్న నియోజకవర్గం నుంచి గెలిచిన వాన్ గెథింగ్ 2024 మార్చిలో వేల్స్ ఫస్ట్ మినిస్టర్ అయ్యారు. ఐరోపాలో ఒక దేశ ప్రభుత్వానికి నాయకత్వం వహించిన మొదటి నల్లజాతి నేతగా వార్తల్లోకి ఎక్కారు. నాలుగు నెలలకే, సొంత పార్టీలో మద్దతు కోల్పోయి రాజీనామా ప్రకటించారు. పైన ఒక ముఖం రావచ్చు, పోవచ్చు. కింద బడిలో ఏం చెబుతున్నారు, ఇల్లు ఎవరికి ఇస్తున్నారు అన్నవే నిలబడతాయి.

యాభై ఏళ్ల ఆలస్యం

బెట్టీ కాంప్‌బెల్ 2017లో చనిపోయారు. ఆ తర్వాతే ప్రభుత్వం కదిలింది. ప్రొఫెసర్ షార్లట్ విలియమ్స్ నాయకత్వంలోని బృందం 2021 మార్చిలో నివేదిక ఇచ్చింది. 2022లో మొదలైన కొత్త పాఠ్యప్రణాళికలో నల్లజాతి, ఆసియా, మైనారిటీ ప్రజల చరిత్రలను బోధించడం తప్పనిసరి అయింది. యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఇలా చేసిన మొదటి దేశం వేల్స్. 2022 జూన్‌లో జాతివివక్ష వ్యతిరేక కార్యాచరణ ప్రణాళిక వచ్చింది, గడువు 2030. ఒక టీచర్ 1970లలో ఒక్క బడిలో చేసిన పని ప్రభుత్వ విధానం కావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఈ క్రమంలో మనకు నేరుగా సంబంధం ఉన్న ఒక చట్టం ఉంది. అది బ్రిటన్ 2010 సమానత్వ చట్టం. ప్రభుత్వ సంస్థలు పెద్ద నిర్ణయాలు తీసుకునేటప్పుడు పేదరికం వల్ల వచ్చే అసమానతలు ఎలా తగ్గుతాయో ఆలోచించాలని దాని మొదటి సెక్షన్ చెబుతుంది. అది ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. స్కాట్లాండ్ 2018లో, వేల్స్ 2021 మార్చి 31న అమల్లోకి తెచ్చాయి. అప్పటి నుంచి కార్డిఫ్ లాంటి కౌన్సిళ్లకు అది చట్టబద్ధ బాధ్యత. ఒక లైబ్రరీ మూసేయాలన్నా, బడిని తరలించాలన్నా పేదల మీద పడే ప్రభావాన్ని ఆలోచించామని చూపించాలి. ఉద్యమకారుల చేతిలో ఇది పనికొచ్చే ఆయుధం.

ఇదే చట్టంలో కులం మాట కూడా ఉంది. కులాన్ని జాతివివక్షలో భాగంగా చేర్చే అధికారం 2010లో మంత్రులకు ఇచ్చారు. 2013లో పార్లమెంటు దాన్ని వాళ్ల బాధ్యతగా మార్చింది. బ్రిటన్‌లోని దళిత సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2018లో ప్రభుత్వం, కోర్టు తీర్పులతో సరిపోతుందంటూ ఆ నిబంధనను పక్కన పెట్టాలని నిర్ణయించింది. సమానత్వ చట్టాన్ని మార్చే అధికారం ప్రధానంగా లండన్ చేతిలోనే ఉంది కాబట్టి వేల్స్ తనంతట తాను కులాన్ని చేర్చలేదు. అక్కడికి చదువుకు, ఉద్యోగాలకు వెళ్తున్న మన పిల్లలకు ఈ లోటు ఊహాజనితమైనది కాదు.

మనం అడగాల్సింది

మన దగ్గర విగ్రహాలకు కొదవ లేదు. 2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు లేచాయి. అవి అవసరం కూడా. మన మనిషి నగరం నడిబొడ్డున తలెత్తుకుని నిలబడడం చిన్న విజయం కాదు. బెట్టీ విగ్రహం చూసి బ్యూట్‌టౌన్ పిల్లలకు కలిగే గర్వాన్నీ తక్కువ చేయలేం. అయితే విగ్రహం పెట్టిన ప్రభుత్వాన్నే బడి గురించి అడగాలి. రెండు రాష్ట్రాల్లోనూ దళితుల వాటా నిధుల కోసం చట్టాలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం. ఆ డబ్బు ఏ వాడలో, ఏ పనికి ఖర్చయిందో వార్డు స్థాయిలో లెక్క అడిగేవాళ్లు ఎంతమంది?

రిజర్వుడ్ స్థానాల్లో గెలిచిన మన సర్పంచులను, కౌన్సిలర్లను చాలాచోట్ల పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అన్నట్టు నడిపిస్తున్నారు. పార్టీ టికెట్ ఇచ్చినవాడి దయ మీద ఆధారపడిన పదవికి అదే గతి. బెట్టీ కాంప్‌బెల్‌కు పదవి రాకముందే వాడలో బలం ఉంది. బడి, హాస్టల్, అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇవన్నీ మనవాళ్లు ఉద్యోగులుగా, తల్లిదండ్రులుగా, సేవలు అందుకునేవాళ్లుగా ఉన్న చోట్లే. అక్కడ ఏళ్ల తరబడి పని చేసి నమ్మకం సంపాదించినవాళ్లను ఎన్నికల్లో నిలబెట్టడం, గెలిచాక వాళ్లను ఒంటరిగా వదలకుండా వెనక సంఘం నిలవడం ఉద్యమాల బాధ్యత. కార్డిఫ్‌లో ఆమె వెనక అలాంటి బలమైన బృందం కౌన్సిల్‌లో లేదు. ఆమె బడిలోని పాఠం దేశం పాఠం కావడానికి యాభై ఏళ్లు పట్టడానికి అదీ ఒక కారణమని నేను అనుకుంటాను.

రాబోయే స్థానిక ఎన్నికల్లో మన వార్డుకు ఎవరు నిలబడుతున్నారో తెలుసుకునే ముందు, మన వార్డు బడిలో ఎంతమంది టీచర్లున్నారో, మన చరిత్ర ఏ పేజీలో ఉందో ఒకసారి వెళ్లి చూద్దాం. అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి.