జంతుశాల కీపర్లు – అంతర్జాతీయ సంఘం – మన కర్తవ్యం

వైద్యులకు సంఘమున్నది, న్యాయవాదులకు, ఇంజనీర్లకు, ఉపాధ్యాయులకు సంఘాలున్నవి. దేశాల సరిహద్దులు దాటి, ఒకే వృత్తిలో ఉన్నవారిని ఒకచోట చేర్చే అంతర్జాతీయ సంఘాలు కూడ ఉన్నవి. వాటి అవసరాన్ని ఎవరూ ప్రశ్నించరు. కాని ప్రతి ఉదయం చీపురు, బకెట్టు చేతబట్టి, పులి బోను తాళాలు సరిచూచుకొని పనిలోకి దిగే జంతుశాల కీపరుకు కూడ అటువంటి సంఘం కావాలంటే, విన్నవారి పెదవులపై చిరునవ్వు కనిపిస్తుంది. ఆ చిరునవ్వు వెనుక ఒక దురభిప్రాయం దాగి ఉన్నది. కుర్చీలో కూర్చుండి చేసేది విద్య అనీ, చేతులతో చేసేది వట్టి చాకిరీ అనీ మనలో చాలమంది నమ్మకం. చదువుకున్నవారిలోనే ఈ నమ్మకం ఎక్కువగా ఉండడం విచారకరం.

కీపరు చేసే పని ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. జంతువులకు మేత వేయడం, గదులు కడగడం మాత్రమే అతని పని అనుకుంటే పొరపాటు. ఉదయం వెళ్ళగానే అతడు తన ఆధీనంలోని జంతువులను లెక్క చూస్తాడు. రాత్రి పెట్టిన ఆహారంలో ఎంత మిగిలినదో, పేడ ఏ రంగున ఉన్నదో, నడకలో ఏ కాలు తడబడుతున్నదో గమనిస్తాడు. అడవి జంతువు తన జబ్బును చివరిదాక దాచుకొంటుంది. బలహీనత బయటపడితే శత్రువు మీద పడుతుందన్న భయం దాని రక్తంలోనే ఉన్నది. నోరులేని ఆ ప్రాణి బాధను మొట్టమొదట పసిగట్టేది కీపరే. వైద్యుడు ఆ తరువాత వస్తాడు, అదీ కీపరు కబురు చేసినప్పుడు. ఏళ్ళ తరబడి చూచి చూచి సంపాదించిన ఈ జ్ఞానం ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. అతడు ఉద్యోగ విరమణ చేసిన నాడు అది అతనితోపాటే గేటు దాటి వెళ్ళిపోతుంది. సంఘం కావాలనడానికి ఇదే మొదటి కారణం.

చరిత్రను పరిశీలిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. జంతుశాలల డైరెక్టర్లు 1935లోనే స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో తమ అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించుకొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో అది చెదరిపోగా, 1946లో రోటర్‌డామ్‌లో తిరిగి ప్రాణం పోశారు. కీపర్ల సంగతి వేరు. వారు ముందు తమ తమ దేశాలలో కూడవలసి వచ్చినది. అమెరికాలో 1967లో శాన్ డియాగో జంతుశాలలో కీపర్ల సంఘం పుట్టినది. బ్రిటన్, ఐర్లండు కీపర్లు 1974లో తమ సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. ఆస్ట్రేలియా కీపర్లు కూడ ఆ దశకంలోనే అదే బాట పట్టారు. ఈ జాతీయ సంఘాలు కొన్ని చేయి చేయి కలిపి అంతర్జాతీయ కీపర్ల కాంగ్రెసుకు పునాది వేసింది 2000లో. డైరెక్టర్ల సమాఖ్య తన పేరులోనుండి డైరెక్టర్లు అన్న మాటను తొలగించి ప్రపంచ జంతుశాలల సంఘంగా మారినది కూడ ఆ సంవత్సరమే! యజమానులు కూడిన అరవై అయిదేళ్ళకు గాని పనివారు కూడలేకపోయారు. ఇందుకు కీపర్లలో చొరవ తక్కువ కావడం కారణం కాదు. ఓడ ఎక్కడానికి, విమానం ఎక్కడానికి, ఉత్తరం వ్రాయడానికి కావలసిన డబ్బు, తీరిక, భాష వారికి లేకపోవడమే కారణం.

దేశదేశాల కీపర్లు ఒకచోట కూడితే కలిగే లాభమేమిటని అడిగేవారికి ఏనుగు ఉదాహరణ చాలును. పూర్వం అమెరికా జంతుశాలలలో కీపరు అంకుశంతో నేరుగా ఏనుగుల మధ్యకు వెళ్ళి, వాటిపై ఆధిపత్యం చెలాయించి పని చేయించేవాడు. ఏనుగుల కాళ్ళ క్రింద ప్రాణాలు పోగొట్టుకొన్న కీపర్లు ఎందరో! 1990ల ఆరంభంలో శాన్ డియాగోలో మరొక పద్ధతి రూపు దిద్దుకొన్నది. ఏనుగుకు, మనిషికి నడుమ దృఢమైన అడ్డు ఉంటుంది. కీపరు పిలుస్తాడు, ఏనుగు తానై వచ్చి ఆ అడ్డులోని సందు గుండా పాదం చాపుతుంది, గోళ్ళు శుభ్రం చేయించుకొంటుంది, బహుమానంగా పండు తింటుంది. రాకపోతే శిక్ష లేదు. అక్కడి జంతుశాలల సంఘం 2011లో ఈ పద్ధతిని నియమంగా స్వీకరించి, 2014 నాటికి అమలు చేయవలెనని నిర్ణయించినది. ఇటువంటి విద్య నివేదికలు చదివినంత మాత్రాన చేతికి రాదు. చేసినవాడు చూపాలి, చేయబోయేవాడు చూడాలి. అదేవిధంగా ఏనుగు కంటి చూపులోని మార్పును బట్టి దాని కోపాన్ని గుర్తించే మన మావటీల నేర్పు పాశ్చాత్య కీపర్లు నేర్వదగినది. ఇచ్చిపుచ్చుకొనడానికి ఒక వేదిక కావాలి.

రోగాల విషయంలో ఈ అవసరం ఇంకా స్పష్టం. 2020 ఏప్రిల్‌లో న్యూయార్కులోని బ్రాంక్స్ జంతుశాలలో ఒక పులికి కోవిడ్ సోకినది. రోగలక్షణాలు కనిపించని ఒక ఉద్యోగి నుండి అది సోకి ఉండవచ్చునని అక్కడివారు భావించారు. ఏడాది తిరిగే సరికి, 2021 మే నెలలో, మన హైదరాబాదు నెహ్రూ జంతుశాలలోని 8 ఆసియా సింహాలకు కోవిడ్ ఉన్నట్లు మన నగరంలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. అదృష్టవశాత్తు అవి కోలుకొన్నవి. మనిషి రోగం మృగానికి, మృగం రోగం మనిషికి ప్రాకే ఈ దారిలో మొదటి మెట్టు మీద నిలుచున్నది కీపరే. న్యూయార్కు కీపరు నేర్చుకొన్న జాగ్రత్త హైదరాబాదు కీపరుకు అతని భాషలో, అతని చేతికి, వెంటనే అందాలి. అధికారుల ద్వారా వచ్చే ఉత్తర్వుకు తోడుగా, సాటి పనివాడు చెప్పే మాట కూడ చేరాలి. ఆ మాటకుండే బలం వేరు.

కీపరు క్షేమమే సందర్శకుల క్షేమం కూడ. శాన్‌ఫ్రాన్సిస్కో జంతుశాలలో 2006 డిసెంబరులో ఒక ఆడపులి తనకు మేత వేస్తున్న కీపరు చేతిని పట్టి గాయపరచినది. తప్పు జంతుశాలదేనని ప్రభుత్వ విచారణలో తేలినది. సరిగా ఏడాదికి, 2007 క్రిస్మస్ నాడు, అదే పులి ఆవరణ దాటి వచ్చి ఒక యువకుని ప్రాణం తీసినది. సుమారు పదహారడుగులకు పైగా ఉండవలసిన గోడ పన్నెండున్నర అడుగులే ఉన్నదని అప్పుడు గాని లోకానికి తెలియలేదు. మొదటి దెబ్బ ఎప్పుడూ కీపరుకే తగులుతుంది. అతని గాయాన్ని హెచ్చరికగా తీసుకొనే వ్యవస్థ ఉన్నచోట రెండవ దెబ్బ తప్పిపోయే అవకాశం ఉంటుంది.

ఇక ఆక్షేపణల సంగతి. జంతువులను బంధించడమే అన్యాయం కదా, బంధించేవారికి సంఘమెందుకని కొందరు అంటారు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి హదీసు ఒకటి బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉన్నది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, తానై వెదుక్కొని తినడానికి విడిచిపెట్టక, అది చనిపోవడానికి కారణమై శిక్షకు గురి అయినదని దాని సారాంశం. బంధించినవానిపై ఎంత బాధ్యత ఉన్నదో ఇంతకంటె స్పష్టంగా చెప్పలేము. జంతుశాలలు ఉండాలా, వద్దా అన్న చర్చ సాగవలసిందే. అది తేలేలోగా బోనులో ఉన్న ప్రాణికి ఆకలి ఆగదు, నొప్పి ఆగదు. ఆ బాధ్యతను మన అందరి పక్షాన మోస్తున్నవాడు కీపరు. అతని వృత్తికి నీతి నియమాలు, శిక్షణ, గౌరవం ఉండాలని కోరడం బంధనాన్ని సమర్థించడం కాదు.

సంఘమంటే సమ్మె అని జడిసేవారు మరికొందరు. జీతభత్యాల కోసం పోరాడే కార్మిక సంఘం వేరు, వృత్తి జ్ఞానాన్ని పెంపొందించే సంఘం వేరు. రెండూ న్యాయమైనవే. నేను చెబుతున్నది రెండవదాన్ని గురించి. అయితే కడుపు నిండనివానికి వృత్తి గౌరవం గురించి ఉపన్యసించడం హాస్యాస్పదమని కూడ ఒప్పుకోవాలి. రోజుకూలీపై, కాంట్రాక్టుపై పనిచేసేవాడు రేపు ఇక్కడ ఉంటాడో లేదో తెలియనప్పుడు ఏ విద్యను కూడబెట్టగలడు?

ఇప్పుడున్న అంతర్జాతీయ సంఘం లోటు కూడ ఇక్కడే ఉన్నది. దాని మొదటి మహాసభ 2003లో నెదర్లాండ్స్‌లో జరిగినది. తరువాత మూడేళ్ళకొకసారి ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్, అమెరికాలోని సియాటిల్, సింగపూర్, జర్మనీలోని లైప్‌జిగ్, 2018లో అర్జెంటీనాలోని ఇగ్వాసు ఆతిథ్యమిచ్చినవి. ఈ ఆరు సభలలో ఒక్కటి కూడ ఆఫ్రికాలో గాని, దక్షిణాసియాలో గాని జరుగలేదు. నిర్వాహకుల సంకల్పాన్ని నేను శంకించను. కాని విమానం టిక్కెట్టు కొనగలవారు, ఇంగ్లీషులో ప్రసంగించగలవారు మాత్రమే కూడితే అది పేరుకు ప్రపంచ సంఘం, ఆచరణలో సంపన్న దేశాల సంఘం అవుతుంది. కట్టడం పునాది నుండి జరగాలి. ప్రతి జంతుశాలలో ఒక చిన్న కూడలి, ప్రతి రాష్ట్రానికి ఒక శాఖ, దేశానికొక సంఘం, ఆపైన ప్రపంచ సంఘం ఉండాలి. చందా దేశం స్తోమతను బట్టి ఉండాలి. ప్రచురణలు కీపరు చదవగల భాషలో ఉండాలి.

మన దేశంలో ఇందుకు కొంత నేల సిద్ధంగానే ఉన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 1992లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ ఏర్పడినది. అది కీపర్లకు శిక్షణ కార్యక్రమాలు కూడ నడుపుతున్నది. 1963లో ప్రారంభమైన హైదరాబాదు నెహ్రూ జంతుశాల, విశాఖపట్టణంలోని ఇందిరాగాంధీ జంతుశాల, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుశాల తెలుగు నేల మీద ఉన్న మూడు పెద్ద విద్యాలయాలని నా అభిప్రాయం. జంతు పోషణను అక్షరబద్ధం చేయడం తెలుగుకు కొత్త కాదు. మనుమంచి భట్టు గుఱ్ఱాల లక్షణాలను గూర్చి పూర్వమే తెలుగులో పద్యకావ్యం వ్రాశాడు. నాటి రాజాశ్రయంలో అశ్వశిక్షకుని విద్యకు దొరికిన అక్షర గౌరవం, నేటి ప్రజాస్వామ్యంలో కీపరు విద్యకు దొరకదా?

విద్యార్థి మిత్రులారా! ఇది ఎక్కడో విదేశాలలో తేలవలసిన విషయమని ఊరుకోవద్దు. ఉర్దూ, తెలుగు రెండూ చదువుతున్న కళాశాల మనది. జంతుశాస్త్ర విద్యార్థులు, భాషా విద్యార్థులు కలిసి ఒక సెలవుల కాలంలో కీపర్ల వద్దకు వెళ్ళి, వారి అనుభవాలను వారి మాటలలోనే వ్రాసుకొని రావచ్చును. వాటిని రెండు భాషలలోనూ చిన్న పుస్తకంగా అచ్చు వేయించవచ్చును. కీపర్ల సంఘం అక్టోబరు 4ను అంతర్జాతీయ కీపర్ల దినంగా పాటిస్తున్నది. ఆనాడు మన వేదిక మీద మంత్రులకు బదులు ఒక కీపరును కూర్చుండబెట్టి, ఆయన చెప్పేది మనం వినవచ్చును. కళాశాల పాలకవర్గం పెద్దలు ఈ స్వల్ప వ్యయానికి వెనుకాడరని నా విశ్వాసం.

అంతర్జాతీయ సంఘం మహానగరాల సభామందిరాలలో తీర్మానాలతో మాత్రమే నిలబడదు. కీపరును కీపరు దేశాంతరంలో సోదరునిగా గుర్తించాలంటే, ముందు స్వదేశంలో చదువుకున్నవారు అతనిని విద్వాంసునిగా గుర్తించాలి. ఆ గుర్తింపు మన కళాశాల ప్రాంగణం నుండే మొదలు కావాలని కోరుతున్నాను.