గెలిచిందెవరు?

వారాంతపు విందుల్లో మా తెలుగువాళ్ల మధ్య ఒక వాదన ఇప్పటికీ తెగదు. కాలేజీ రోజుల్లో విశాలాంధ్రలో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు చదివినాయన "రష్యా లేకపోతే ఈ అమెరికాకి పగ్గం వేసేదెవరు?" అంటారు. కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చినాయన "ప్రచ్ఛన్నయుద్ధం గెలిచింది మనమే కదండీ!" అంటారు.

ఏం గెలిచారు? సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతుక్కుంటూ బతికేవాణ్ణి, నా లెక్క వేరు. 1979 నవంబరు 9న శిక్షణ కోసం తయారుచేసిన దాడి డేటా అసలు వ్యవస్థలో దూరింది; సోవియట్ క్షిపణులు వచ్చేస్తున్నాయని అమెరికా కంప్యూటర్లు చెప్పాయి. 1980 జూన్‌లో పాడైన చిప్ ఒకటి అదే అబద్ధమాడింది. 1983 సెప్టెంబరు 26న మబ్బుల మీద మెరిసిన ఎండని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ ఐదు అమెరికా క్షిపణులనుకుంది. స్తనిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి తెరని నమ్మలేదు. తప్పుడు హెచ్చరికేనని పైవాళ్లకి చెప్పాడు. అందుకు ఆయనకి దక్కింది, లాగ్‌బుక్కు సరిగ్గా రాయలేదని చీవాట్లు!

మనల్ని బతికించింది మార్క్సూ కాదు, మార్కెట్టూ కాదు. ఒక మనిషికి కలిగిన అనుమానం.

ఆ తర్వాత 1987లో రాసుకున్న మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం నుంచి 2019లో అమెరికా తప్పుకుంది. న్యూ స్టార్ట్‌లో పాల్గొనడం 2023లో రష్యా ఆపేసింది. ఒకరు తాళం తీస్తే, ఇంకొకరు తలుపు తీశారు.

అందుకే, ఎవరు గెలిచారని నన్నడక్కండి. మళ్లీ తెర అబద్ధమాడిన రాత్రి, దాని ముందు కూర్చున్నవాడికి అనుమానించే ధైర్యం ఉంటుందా? అది అడగండి.