డెలివరీ డేట్ కంటే ముందే బయల్దేరాలి

ప్రతి వానాకాలం మన పేపర్లలో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు వాగు దాటిస్తుంటారు. కింద 'డోలీలో గర్భిణి తరలింపు' అని ఉంటుంది. ఊరి పేరు మారుతుంది, జిల్లా అల్లూరి సీతారామరాజో, పార్వతీపురం మన్యమో అవుతుంది. 'ఇంకా రోడ్డు వేయలేదా' అని తిట్టుకుని స్క్రోల్ చేసేస్తాం.

రోడ్డు వేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ రోడ్డొక్కటే సమస్య అనుకుంటే మనం లెక్క సగమే చేసినట్టు. తల్లులు ఎందుకు చనిపోతున్నారో పరిశీలించిన థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల గురించి రాశారు. ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. డోలీ ఫొటోలో కనిపించేది రెండోది మాత్రమే.

మొదటిది ఇంట్లోనే జరుగుతుంది. 'తొలి కాన్పు కదా, ఇంకా టైముంది', 'మీ ఆయన్ని రానీ', 'డబ్బులు చూసుకుని బయల్దేరదాం'. ఇలా గంటలు పోతాయి. మూడోది ఆసుపత్రి గుమ్మంలో. ఇక్కడ ఆపరేషన్ చేసే డాక్టర్ లేరు, పెద్దాసుపత్రికి వెళ్లండి అంటారు. అక్కడికెళ్తే రక్తం లేదంటారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అంత తక్కువ టైములో రెండు ఆసుపత్రులు తిరగడం కుదరదు.

108 మనకు 2005 ఆగస్టు 15న వచ్చింది. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష పథకం ప్రకారం ప్రభుత్వాసుపత్రికి వెళ్లడానికి, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి మార్చడానికి, తిరిగి ఇంటికి చేరడానికి వాహనం ఉచితం. ఇవన్నీ గొప్ప ఏర్పాట్లే. కానీ ఏ అంబులెన్సయినా ఫోన్ చేశాకే కదులుతుంది. సిగ్నల్ లేని కొండమీద ఆ ఫోనే చేయలేం.

అందుకే నా వాదన ఒక్కటే. ఆసుపత్రికి ప్రయాణం నొప్పులతో కాదు, అంతకు కొన్ని వారాల ముందే మొదలవ్వాలి. డాక్టర్ ఇచ్చిన డేట్ ఒక అంచనా. సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు నూటికి ఓ ఐదుగురు. కాబట్టి ఎనిమిదో నెలలోనే కొన్ని ప్రశ్నలకు జవాబులుండాలి. ఏ ఆసుపత్రి? అక్కడ కాదంటే ఏది? రాత్రి రెండింటికి బండి ఎవరిది? తోడు ఎవరు? రక్తం ఎవరిస్తారు? ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల కోసం ఎదురుచూడకూడదని ఇంట్లో అందరికీ తెలియాలి. దారిలో ఆమెను వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. వీలైనంతవరకు ఆటో కాకుండా 108 ఎక్కాలి. అందులో ఉండే టెక్నీషియన్‌కు కాన్పు చేయడంలో శిక్షణ ఉంటుంది.

కొండ ఊళ్ల వాళ్లకైతే ముందే కిందికి దిగి ఉండటమే దారి. సాలూరు లాంటి చోట్ల గిరిజన గర్భిణుల వసతి గృహాలు అందుకే పెట్టారు. 'రమ్మన్నా రారండీ' అనే మాట తరచూ వింటుంటాం. ఎలా వస్తారు? ఇంట్లో మూడేళ్ల పిల్లాడు, పొలంలో పని, పోయే కూలి. పిల్లాడికీ తోడొచ్చిన మనిషికీ చోటు, తిండి, పోయిన కూలికి ఎంతో కొంత ఇస్తే అప్పుడు అడగండి ఎందుకు రాలేదని. అవేవీ ఇవ్వకుండా తప్పు ఆమె మీద వేయడం తేలిక.

మనం ఇంజినీరింగ్ వాళ్లం. సమస్య కనిపించగానే 'యాప్ చేద్దామా' అంటాం. చేద్దాం, తప్పులేదు. కానీ ఈలోపు యాప్ అక్కర్లేని పనొకటి మన చేతుల్లోనే ఉంది. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లం రక్తం ఇవ్వొచ్చు. అబ్బాయిలు మూడు నెలలకోసారి, అమ్మాయిలు నాలుగు నెలలకోసారి. ఫెస్ట్‌కి ఒక క్యాంప్ పెట్టి, ఫొటో దిగి మర్చిపోవడం కాదు. బ్రాంచ్‌ల వారీగా పేర్లు రాసి, ఏడాది పొడవునా దగ్గర్లోని ప్రభుత్వ బ్లడ్ బ్యాంక్‌కి వంతులవారీగా వెళ్దాం. మూడో ఆలస్యంలో కొంతైనా మనం తగ్గించగలం.