కుక్కుటమును కుక్కరాదు

నేటి మన వంటలలో ఒక్క క్రియాపదమే రాజ్యమేలుచున్నది. అది ‘చేయు’. మారినేట్ చేయుట, స్టఫ్ చేయుట, ఫ్రై చేయుట, అన్నియు చేయుటయే! కైమా, కుర్మా, బిర్యాని వంటి పేర్లు పరభాషలనుండి వచ్చినందున మనకు నష్టము కలుగలేదు, భాష సంపన్నమైనది. క్రియలు పోయిననాడు కలుగు లోటు వేరు. పేరు వస్తువును చూపును. క్రియ పని తీరును తెలుపును. పని తీరు తెలియనిచో వంట చెడును. ఒక్కొక్కప్పుడు ఆరోగ్యమునకును హాని కలుగును.

దృష్టాంతముగా, ఇంటిలో సులభముగా వండుకొనదగిన కూరిన కోడిని తీసికొందము. ఇది నిన్న మొన్నటి వంట కాదు. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ‘ఐన్-ఇ-అక్బరీ’లో, మెడ ద్వారమున ఎముకలన్నియు తీసి, ఆకారము చెడకుండ వండెడి కోడి ప్రస్తావన కలదు. ఇంటి వంటకు అంత శ్రమ అక్కరలేదు. కిలో తూగెడి కోడిని ముక్కలు కొట్టింపక, లోపలిభాగము శుభ్రపరపించి తెచ్చి, గాట్లు పెట్టి, పెరుగు, అల్లము వెల్లుల్లి ముద్ద, పసుపు, కారము, ఉప్పు పట్టించి, ఫ్రిజ్జులో ఒక గంట నాననీయవలెను. పట్టించుట చేతి పని. నాననిచ్చుట కాలము పని. మారినేట్ అన్న ఒక్క మాటలో ఈ భేదము మరుగుపడుచున్నది.

ఇక లోపలికి కావలసినవి: సన్నగా తరిగి దోరగా వేపిన ఉల్లిపాయలు, జీడిపప్పు, కొత్తిమీర, ఉడికించి పెంకు తీసిన గ్రుడ్లు రెండు. అసలు మెలకువ ఇచటనే ఉన్నది. తెలుగులో కూరుట, కుక్కుట, దట్టించుట అను మూడు మాటలు కలవు. గుత్తి వంకాయలో కారము కూరుదుము. సంచిలో బట్టలు కుక్కుదుము. తుపాకిలో మందు దట్టింతురు. కోడి కడుపులో కూరవలెనే కాని కుక్కరాదు, దట్టింపరాదు. సందులేకుండ కుక్కినచో సెగ నడిమికి చేరదు. పైమాంసము ఉడికినను లోపలిది పచ్చిగానే నిలుచును. పచ్చి కోడిమాంసములో సాల్మొనెల్లా వంటి రోగక్రిములుండవచ్చును. ఆ రసము లోపలి పదార్థములోనికి దిగును. కావుననే కూరిన పదార్థపు నడిమిభాగమున వేడి 74 సెల్సియస్ డిగ్రీలకు చేరవలెనని ఆహార శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పొయ్యి ఎక్కించుటకు ముందే కూరవలెను. ముందురోజు కూరి ఉంచరాదు. ‘స్టఫ్’ అన్న మాటలో కూరుటకును కుక్కుటకును గల తేడా వినిపించునా?

తరువాత కాళ్ళు రెండును నూలుదారముతో కట్టి, దళసరి గిన్నెలో నూనె కాచి, అన్ని ప్రక్కల ఎఱ్ఱగా వేపి, కొద్దిగా నీరు చిలకరించి, మూతపెట్టి, సన్నని సెగపై గంటకు పైగా మగ్గనిచ్చి, నడుమ నడుమ త్రిప్పుచు, చివరకు ఇగురబెట్టవలెను. వేపుట, మగ్గుట, ఇగురుట అను మూడింటికి ఫ్రై అన్న ఒక్క మాట చాలునా?

“వంటింటి మాటలకు ఇంత పట్టుదల ఏల? అర్థమైనది గదా!” అని కొందఱు అనవచ్చును. తల్లి ప్రక్కన నిలిచి చూచువానికి అర్థమగును; వ్రాసినది చూచి వండువానికి కాదు. చదువులకై, ఉద్యోగములకై ఊరు విడిచిన మన పిల్లలు వ్రాసినది చూచియే వండుకొనుచున్నారు. చూపించువారు లేనిచోట మాటయే చూపింపవలెను.

ఉపాధ్యాయులకు నా మనవి ఒకటి. సెలవులలో వ్యాసమునకు బదులు ఇంటి వంట నొకదానిని వ్రాసికొని రమ్మనుడు. మాంసము ముట్టనివారు గుత్తి వంకాయను గురించి వ్రాయవచ్చును. నియమమొక్కటే: ‘చేయు’ అను క్రియను వాడరాదు. ఇది ఆడపిల్లల పని అని మగపిల్లలను విడువవలదు. విరాటుని కొలువున వలలుడై గరిటె పట్టినవాడు భీముడే గదా! అవ్వనడిగి ఒక విద్యార్థి తెచ్చిన మాట నిఘంటువులో కానరాకున్నచో, దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేయక, అర్థముతో కూడ తరగతి పుస్తకములో వ్రాయింపుడు. మఱునాటికి అది మఱి నలుబదిమందికి తెలిసిన మాటయగును.